గ్రీకు యోధుల కవచాలు అసలెక్కడ పుట్టాయి? అకిలీస్‌దీ లియోనిడాస్‌దీ ఒకటే డ్రెస్సా?

నిద్రపట్టనోడు:

అందరికీ నమస్కారం. కొన్నాళ్ళుగా ఒక డౌట్ బుర్ర తినేస్తోంది, ఇక్కడ చరిత్ర గట్టిగా చదివినవాళ్ళు ఉన్నారు కదా అని అడుగుతున్నా. సినిమావాళ్ళు ట్రాయ్ యుద్ధం (అకిలీస్ కథ) తీసినా థర్మోపిలే (స్పార్టా రాజు లియోనిడాస్ పర్షియన్లని అడ్డుకున్న యుద్ధం) తీసినా గ్రీకు సైనికులందరికీ ఒకే డ్రెస్సు తగిలించేస్తారు, ముక్కు మీదకి దిగే కంచు హెల్మెట్, దాని మీద గుర్రం జూలుతో కుచ్చు, గుండ్రటి డాలు, ఛాతీ మీద కండలు చెక్కిన కవచం. ఆ స్పార్టా వాళ్ళకైతే కొన్నిసార్లు కవచం కూడా ఉండదు, డాలూ చెడ్డీ అంతే. కానీ ట్రాయ్ కథ జరిగిందని చెప్పే కాలం క్రీ.పూ. 1200 అటూ ఇటూ, థర్మోపిలే ఏమో క్రీ.పూ. 480. మధ్యలో ఏడొందల ఏళ్ళు ఉంది సామీ, అన్నేళ్ళు ఎవరైనా అదే సామాను వాడతారా?

ఇంకోటి, ఈ కవచాలు వాళ్ళు సొంతంగా కనిపెట్టినవా లేక ఈజిప్ట్, అస్సీరియా వైపు నుంచి వచ్చినవా? ఒక వీడియోలో అంతా గ్రీకుల గొప్పే అన్నాడు, ఇంకో దాంట్లో మొత్తం తూర్పు నుంచి ఎత్తుకొచ్చిందే అన్నాడు, ఎవర్ని నమ్మాలో తెలీక ఇక్కడికొచ్చా. బరువు 30 కిలోలు ఉండేదంటారు, అది నిజమేనా కూడా చెప్పండి.

పాతరాళ్ళపిచ్చి:

బ్రో నీ అనుమానం కరెక్టే, రెండూ ఒకటి కాదు, కనీసం దగ్గర చుట్టాలు కూడా కాదు. పాత కాలం వాళ్ళ సంగతి నేను చెప్తా, తర్వాతది కంచుగంట గారు వస్తే వివరంగా చెప్తారు, ఆయనకి ఆ డాళ్ళంటే ప్రాణం.

ట్రాయ్ కాలం గ్రీకుల్ని మైసీనియన్లు అంటారు. వాళ్ళ కవచం ఎలా ఉండేదో ఊహించుకోనక్కర్లేదు, 1960లో డెండ్రా అనే చోట, మైసీనీకి దగ్గర్లోనే, ఒక సమాధిలో దాదాపు పూర్తి సెట్టు దొరికింది. క్రీ.పూ. 15వ శతాబ్దం చివరిది, అంటే ట్రాయ్ కంటే కూడా రెండొందల ఏళ్ళ పాతది. అది చూస్తే నీకు గ్రీకు యోధుడు అస్సలు గుర్తురాడు. ఛాతీకీ వీపుకీ రెండు పెద్ద కంచు రేకులు, భుజాలకి విడిగా గుండ్రటి రేకులు, మెడ చుట్టూ గడ్డం దాటి లేచే ఎత్తైన కాలరు, నడుం కింద నుంచి ముందు మూడు వెనక మూడు వంపు పట్టీలు ఒకదాని మీద ఒకటి జారేలా తోలు తాళ్ళతో కట్టి ఉంటాయి. రేకుల అంచుల వెంట వరసగా సన్నటి చిల్లులు కనిపిస్తాయి, లోపల మెత్తగా అస్తరు వేసి కుట్టుకోడానికి. మొత్తం 15 కిలోల పైనే. ఇంత డబ్బాలాంటిది వేసుకుని ఎవడు యుద్ధం చేస్తాడు, ఇది ఊరేగింపులకో రథం మీద నిలబడ్డానికో అయ్యుంటుంది అని చాలాకాలం అనుకున్నారు. 2024లో వచ్చిన ఒక రీసెర్చ్‌లో గ్రీకు మెరైన్ సైనికులు 13 మందికి అచ్చం అలాంటిదే తయారు చేసి తొడిగి 11 గంటల పాటు యుద్ధంలో చేసే పనులన్నీ చేయించారు, ఈటె విసరడం, కత్తి తిప్పడం, రథం మీద నుంచి కొట్టడం అన్నీ. తట్టుకున్నారు. అంటే వాడడానికి పనికొచ్చేదే.

హెల్మెట్ అయితే ఇంకా వింత. కంచు కాదు, అడవిపంది కోరలు. కోరని నిలువుగా చీల్చి సన్నటి పలకలు చేసి, చిల్లులు పెట్టి తోలు టోపీకి వరసలుగా కుట్టేవాళ్ళు, కింది వరసలో కోరల వంపు ఒక వైపుకి ఉంటే పై వరసలో ఇంకో వైపుకి. ఒక్క టోపీకే కొన్ని పదుల పందులు కావాలి, కాబట్టి అది నెత్తిన పెట్టుకున్నాడంటే వాడెంత వేటగాడో వాడి వెనక ఎంత మంది మార్బలం ఉందో ఊరందరికీ తెలిసిపోతుంది. ట్రాయ్ యుద్ధం మీద హోమర్ అనే కవి చెప్పిన ఇలియడ్ కావ్యం పదో సర్గలో మెరియోనెస్ అనే గ్రీకు యోధుడు ఒడిస్సియస్ అనే ఇంకో యోధుడికి ఇచ్చేది సరిగ్గా ఇదే టోపీ. హోమర్ దాన్ని చేతులు మారుతూ వచ్చిన పాత సొత్తులా వర్ణిస్తాడు, మొదట అటోలికస్ అనేవాడు ఒకరింట్లో కన్నం వేసి దొంగిలించాడని కూడా చెప్తాడు. హోమర్ కాలానికి అలాంటి టోపీలు వాడకంలో లేవు, వాడడం మానేసి కొన్ని వందల ఏళ్ళయింది, అయినా వర్ణన దొరికిన వస్తువుతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. నాకు ఇలియడ్ మొత్తంలో ఒళ్ళు జలదరించే చోటు అదే, యుద్ధాలు కాదు.

డాళ్ళు కూడా వేరే. మైసీనీ సమాధుల్లో దొరికిన ఒక బాకు మీద బంగారం వెండి పొదిగి సింహాల వేట బొమ్మ ఉంది, అందులో మనుషుల చేతుల్లో ఉన్న డాళ్ళు రెండు రకాలు, ఒకటి నడుం నొక్కినట్టు ఎనిమిది అంకె ఆకారం, ఇంకోటి తలుపంత పొడుగు పలక. మెడ నుంచి కాళ్ళ దాకా కప్పేసేవి. ట్రాయ్ వీరుడు హెక్టర్ నడుస్తుంటే డాలు అంచు మెడకీ మడమలకీ కొట్టుకుంటోందని హోమర్ అంటాడు చూడు, అది ఆ పాత డాలు జ్ఞాపకమే. అదే హోమర్ ఇంకో చోట గుండ్రటి డాళ్ళ గురించి చెప్తాడు. నాలుగైదు వందల ఏళ్ళ సామాను అంతా ఒకే యుద్ధంలోకి తెచ్చి కలిపేశాడు, అందుకే సినిమావాళ్ళని మరీ తిట్టలేం.

ఇక కంచు. రాగి చాలావరకు సైప్రస్ నుంచి, తగరం ఎక్కడో దూరం నుంచి రావాలి. టర్కీ దక్షిణ తీరంలో ఉలుబురున్ దగ్గర మునిగిపోయిన ఓడ ఒకటి దొరికింది, క్రీ.పూ. 14వ శతాబ్దం చివరిది, అందులో సుమారు 10 టన్నుల రాగి, 1 టన్ను తగరం. చూశావా పాళ్ళు, సరిగ్గా కంచు పోయడానికి కావల్సిన లెక్క. ఈ సరఫరా అంతా రాజభవనాల చేతుల్లో ఉండేది, నాసోస్, పైలోస్ భవనాల్లో దొరికిన మట్టి పలకల మీద కవచాలు, రథాలు, గుర్రాలు పద్దు రాసి పెట్టుకున్నారు గుమస్తాలు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఆ భవనాలు తగలబడ్డాయి, పద్దులు ఆగిపోయాయి, అక్షరాలే మర్చిపోయారు. డెండ్రా లాంటి కవచం చేయించే స్తోమత ఎవరికీ మిగల్లేదు. అక్కడితో ఒక కథ అయిపోయింది.

కంచుగంట:

పిలిచారు, వచ్చాను :) పాతరాళ్ళపిచ్చి గారు ఆపిన చోటే అందుకుంటా.

ఆ భవనాలు పోయాక చాలాకాలం పాటు సమాధుల్లో ఇనప కత్తులూ ఈటెలూ దొరుకుతాయి గానీ ఒంటికి తొడిగే కంచు కవచం మాత్రం మళ్ళీ క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లోనే కనిపిస్తుంది. ఆర్గోస్‌లో 1953లో ఫ్రెంచి వాళ్ళు తవ్విన ఒక సమాధిలో దొరికిన సెట్టు దీనికి మొదటి సాక్ష్యం. ముందు ఒక రేకు వెనక ఒక రేకు, నడుం దగ్గర బయటికి విచ్చుకుని గంట ఆకారంలో ఉంటుంది, ఛాతీ కండలు రెండు గీతల్లో సూచించారంతే. బరువు మూడున్నర కిలోలు కూడా లేదు! దాంతో పాటు ఎత్తైన కుచ్చు పెట్టే హెల్మెట్. అదే సమాధిలో మాంసం కాల్చుకునే ఇనప చువ్వలు 12, వాటిని ఆనించే స్టాండ్లు రెండు, ఆ స్టాండ్లు యుద్ధనౌక ఆకారంలో ఉన్నాయి. అంటే చచ్చినవాడు విందులిచ్చే పెద్దమనిషి, మామూలు సిపాయి కాదు.

ఇప్పుడు ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారు అనే దగ్గరికొద్దాం. ఒక్కో ముక్కకి ఒక్కో పుట్టిల్లు. ఛాతీ కవచానికి దగ్గర పోలికలు మధ్య యూరప్‌లో ఉన్నాయి, అక్కడ కంచు రేకుతో ఛాతీ కవచాలు అంతకు ముందు నుంచే కొట్టేవాళ్ళు. ఆ ఆర్గోస్ హెల్మెట్ కోసుగా ఉండే అస్సీరియా హెల్మెట్లని గుర్తు చేస్తుందని చాలామంది పండితులు అంటారు. హెల్మెట్ మీద కుచ్చు, డాలు మీద బొమ్మలు, డాలు లోపలి పట్టీ ఈ మూడూ కేరియన్లు కనిపెట్టారనీ గ్రీకులు వాళ్ళ దగ్గర నేర్చుకున్నారనీ గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ తనే రాశాడు. కేరియన్లంటే ఇప్పటి టర్కీ నైరుతి మూల ఉండేవాళ్ళు, గ్రీకులకి పక్కింటోళ్ళే, ఇద్దరూ కలిసి కిరాయి సైనికులుగా ఈజిప్ట్ వెళ్ళేవాళ్ళు. సముద్రం నుంచి కంచు మనుషులు దిగారని ఈజిప్ట్ రాజు సామ్మెటికస్‌కి కబురు చెప్పిన కథ ఉంది, ఆయన వాళ్ళనే కొలువులో పెట్టుకుని సింహాసనం గెలుచుకున్నాడు. ఆయన మనవడి కాలంలో, క్రీ.పూ. 590ల్లో, అబూ సింబెల్‌లో రామ్‌సెస్ విగ్రహం కాలి మీద గ్రీకు కూలి సిపాయిలు పేర్లు గీసి పోయారు, ఇప్పటికీ ఉన్నాయి (టూరిస్టు బుద్ధి అప్పటి నుంచే ఉందన్నమాట). కాబట్టి నీ రెండు వీడియోల వాళ్ళూ సగం సగమే చెప్పారు.

మరి గ్రీకులది అనదగ్గది ఏంటంటే నా ఓటు రెండిటికి. ఒకటి కొరింథియన్ హెల్మెట్, ఒకే కంచు రేకుని కాలుస్తూ కొడుతూ తల వెనక నుంచి బుగ్గల దాకా అతుకు లేకుండా తీసుకొచ్చేవాళ్ళు, ముక్కు మీద దిగే పట్టీ మిగతా చోట్ల కంటే మందంగా ఉంచి. క్రీ.పూ. 700 ప్రాంతం నుంచి కనిపిస్తుంది. లోపమేంటంటే చెవులు మూసుకుపోతాయి, పక్కకి కనపడదు. తర్వాత చెవుల దగ్గర కోసేసిన మోడల్స్ వచ్చింది అందుకే.

రెండోది, అసలైంది, డాలు. దాదాపు 90 సెంటీమీటర్ల అడ్డం, లోతైన గిన్నెలా, పోప్లార్, విల్లో లాంటి తేలిక కర్రతో చేసి పైన కంచు అంచు, కొన్నిటికి మొత్తం మీద కంచు తొడుగు. ఆ తొడుగు ఎంత పల్చనంటే అర మిల్లీమీటర్ ఉంటే గొప్ప. బరువు 6 నుంచి 8 కిలోలు. అంత బరువుని ఒక్క పిడికిలితో పట్టుకుంటే చెయ్యి పడిపోద్ది కదా, అందుకని మధ్యలో కంచు పట్టీ పెట్టారు, అందులోంచి చెయ్యి మోచేతి దాకా దూర్చి, అంచు దగ్గరున్న తాడుని గుప్పిట్లో పట్టుకోవాలి. అలిసిపోతే డాలు అంచుని ఎడమ భుజం మీద ఆనించుకోవచ్చు. కానీ దీంతో ఒక చిక్కు, చెయ్యి సరిగ్గా డాలు మధ్యలో ఉంటుంది కాబట్టి ఎడమ సగం నీ ఒంటిని దాటి బయటికి పోతుంది, నీ కుడి పక్క మాత్రం కొంత బోసిగా ఉంటుంది. నీ కుడి పక్కోడి డాలు ఆ ఖాళీ కప్పాలి. అందుకే సైన్యాలు ముందుకు నడిచేటప్పుడు ప్రతివాడూ పక్కోడి డాలు చాటుకి జరుగుతూ వరస మొత్తం కుడికి ఒరిగిపోతుందని థుసిడిడీస్ అనే చరిత్రకారుడు రాశాడు, క్రీ.పూ. 418 మాంటినియా యుద్ధం దగ్గర. ఈ డాలు ఒంటరి యోధుడి కోసం చేసింది కాదు. డాలు వచ్చింది, దాంతో ఫాలాంక్స్, అంటే డాళ్ళు కలిపి బిగుతు వరసల్లో నిలబడి పోరాడే పద్ధతి, వచ్చింది.

నిద్రపట్టనోడు:

వామ్మో ఇంత ఉందా, ఇద్దరికీ పెద్ద థాంక్స్. అయితే కంచుగంట గారూ, డాలు రావడం వల్ల ఆ వరస పద్ధతి వచ్చిందా, లేక ముందే వరసల్లో నిలబడేవాళ్ళు కాబట్టి అలాంటి డాలు చేసుకున్నారా? మరి ఇదంతా మామూలు మనిషి కొనగలిగేవాడా?

సూటిమాట:

కంచుగంట గారికి డాలు మీద ప్రేమ ఎక్కువై చివరి లైన్లో తేల్చి పడేశారు గానీ అది అంత తేలిగ్గా తెగే పంచాయితీ కాదండీ. డాలు రాగానే యుద్ధం మారిపోయింది అనేది పాత వాదం. స్నాడ్‌గ్రాస్ అనే పండితుడు 1960ల్లోనే లెక్క తీసి చూపించాడు, ఈ ముక్కలన్నీ ఒకేసారి రాలేదు, ఒక్కొక్కటీ కొన్ని దశాబ్దాల తేడాతో వచ్చి చేరాయి అని. తర్వాత వాన్ వీస్ లాంటి వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి, బిగుతైన వరసలు చాలా ఆలస్యంగా వచ్చాయి, 7వ శతాబ్దంలో యుద్ధం ఇంకా చెల్లాచెదురుగానే సాగేది అన్నారు. కిరాయి సైనికులు కోటల మీదా ఓడల మీదా కూడా ఇదే డాలుతో కొట్లాడారు కదా, అక్కడ వరసెక్కడుంది? కార్కెమిష్‌లో, సిరియా సరిహద్దు దగ్గర, గోర్గాన్ (పాముల జుట్టు రాక్షసి) మొహం కొట్టిన గ్రీకు కంచు డాలు దొరికింది, క్రీ.పూ. 605లో అక్కడ బాబిలోన్ వాళ్ళకీ ఈజిప్ట్ వాళ్ళకీ పెద్ద యుద్ధం అయింది. ఆ డాలు మోసినవాడు సొంతూరి ఫాలాంక్స్‌లో నిలబడి పోట్లాడలేదు.

చిగి కూజా అని ఒకటుంది, క్రీ.పూ. 650 ప్రాంతం కొరింథ్ పని, ఇటలీలో దొరికింది, ఇప్పుడు రోమ్‌లో ఉంది. దాని మీద హోప్లైట్లు (ఈ డాలు పట్టే కాల్బలం సిపాయిలు) వరసగా అడుగు కలిపి నడుస్తుంటే మధ్యలో ఒక కుర్రాడు జంట పిల్లనగ్రోవి ఊదుతుంటాడు. ఫాలాంక్స్ వాదులందరూ దీన్నే చూపిస్తారు. కానీ అదే బొమ్మలో జాగ్రత్తగా చూడండి, ఒక్కొక్కరి దగ్గర రెండేసి ఈటెలున్నాయి, విసిరే తాడు చుట్టలతో సహా. బిగుతు వరసలో ఈటె విసిరే చోటెక్కడిది? కాబట్టి నా ఉద్దేశం, డాలు ముందు, వరస తర్వాత, మధ్యలో నూరేళ్ళు పైనే పట్టింది.

కొనడం గురించి. ఎవడి సామాను వాడే తెచ్చుకోవాలి, సర్కారు ఇవ్వదు. సలామిస్ దీవిలో స్థిరపడ్డ వాళ్ళ గురించి ఏథెన్స్ చేసిన శాసనం ఒకటి రాతి మీద ఉంది, క్రీ.పూ. 6వ శతాబ్దం చివరిది, ప్రతివాడూ 30 డ్రాక్మాల (అప్పటి వెండి నాణేలు) విలువైన ఆయుధాలు సొంతంగా పెట్టుకోవాలని. అది కూలివాడికి అందే మొత్తం కాదు, కాస్త భూమీ పంటా ఉన్నవాడి లెవెల్. లేనివాడు రాళ్ళు విసిరేవాడు, లేదంటే ఓడలో తెడ్డు వేసేవాడు. తర్వాత్తర్వాత ఇది పెద్ద వ్యాపారమైంది. క్రీ.పూ. 404లో ఏథెన్స్‌లో ముప్పై మంది నియంతలు లిసియాస్ అనే వక్త కుటుంబం ఆస్తి లాక్కున్నప్పుడు 700 డాళ్ళూ 120 మంది బానిసలూ చిక్కారని ఆయనే కోర్టులో చెప్పాడు. అంటే అదొక ఫ్యాక్టరీయే, ఇప్పటి ఆయుధాల కంపెనీలకి తాత.

కంచుగంట:

సూటిమాట గారూ, రెండు ఈటెల పాయింటు ఒప్పుకుంటా. కానీ పిల్లనగ్రోవి ఎందుకండీ మరి, చెల్లాచెదురుగా పరిగెత్తేవాళ్ళకి తాళం దేనికి? అడుగు కలపడానికి తప్ప దానికి వేరే పని లేదు. నూరేళ్ళు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

సూటిమాట:

ఓడ తెడ్లు వేసేవాళ్ళకీ ఊదేవాళ్ళు పిల్లనగ్రోవి :) సరే, ఇది మన ఇద్దరి మధ్యా ఎప్పటికీ తెగదు, ఆయన బరువు ప్రశ్న మిగిలిపోయింది, ఎవరైనా చెప్పండి.

దారంపోగు:

బరువు నేను చెప్తా. పాత పుస్తకాల్లో 30 కిలోల పైన అని రాసేవాళ్ళు, దొరికిన వస్తువులు తూచి కూడితే అంత రాదు. డాలు 7, ఛాతీ రేకులు 4 లోపు, హెల్మెట్ ఒకటిన్నర, పిక్కలకి తొడిగేవి జతా కిలోన్నర, ఈటె కత్తీ కలిపి మూడు అనుకోండి, 17 కిలోల దగ్గర ఆగిపోతుంది. మారథాన్‌లో క్రీ.పూ. 490లో ఏథెన్స్ వాళ్ళు ఎనిమిది స్టేడియాలు, అంటే దాదాపు కిలోమీటరున్నర పరిగెత్తి పర్షియన్ల మీద పడ్డారని హెరడోటస్ అన్నది ఈ బరువుతో కాస్త నమ్మబుద్ధి అవుతుంది, అదంతా పరుగే అయ్యుండకపోయినా.

పైగా థర్మోపిలే నాటికి చాలామంది కంచు రేకు వదిలేసి నార బట్ట కవచాలకి మారిపోయారు, దీని గురించి ఎవరూ మాట్లాడలేదేంటి? ఒంటి చుట్టూ తిప్పి ఎడమ పక్కన ముడేసి, వెనక నుంచి రెండు భుజం పట్టీలు ముందుకి లాగి ఛాతీ మీద కట్టుకోవాలి, నడుం కింద చీలికలు చీలికలుగా వేలాడతాయి కాబట్టి కూర్చోవచ్చు, వంగొచ్చు, పరిగెత్తొచ్చు. కుండల మీద బొమ్మల్లో ఎక్కడ చూసినా ఇదే, అలెగ్జాండర్ మొజాయిక్‌లో (చిన్న చిన్న రంగురాళ్ళు పొదిగిన పాత బొమ్మ) ఆయన వేసుకున్నదీ ఈ కట్టుడే. ఇదీ బయట నుంచి వచ్చిందే అనడానికి నాకు ఇష్టమైన సాక్ష్యం, ఈజిప్ట్ రాజు అమాసిస్ స్పార్టాకి ఒక నార కవచం పంపాడు, దారి మధ్యలో సామోస్ వాళ్ళు కొట్టేశారు. దాని జతది లిండోస్‌లో అథీనా గుడికిచ్చాడు. ఒక్కో దారంలో 360 పోగులు, అన్నీ కంటికి విడివిడిగా కనపడతాయి అంటాడు హెరడోటస్. ఈ కవచాలు జిగురుతో పొరలు అంటించారా, కుట్టారా, లేక సగం తోలువా అని రీసెర్చ్ వాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు, ఎందుకంటే బట్ట మట్టిలో నిలవదు. అమెరికాలో ఆల్డ్రెట్ అనే ప్రొఫెసర్ స్టూడెంట్లతో కలిసి జిగురు పొరలతో చేసి బాణాలు వేసి చూశాడు, బాగానే ఆపింది. కానీ ఆపింది కాబట్టి ఆ కాలంలో అలాగే చేశారని కాదు, నాకైతే కుట్టి ఉంటారనిపిస్తుంది.

కండలు చెక్కిన కవచం మామూలు సిపాయిది కాదు, బాగా డబ్బున్నవాడిది, అదీ ఎక్కువగా థర్మోపిలే తర్వాతి కాలంలోది. స్పార్టా వాళ్ళు ఒట్టి ఒంటితో యుద్ధానికి వెళ్ళారనేది సినిమా కోసమే. ఎర్ర బట్టా కంచు డాలూ పొడుగు జుట్టూ మాత్రం నిజం, ఆ కాలపు రచయిత జెనోఫోన్ చెప్పాడు. డాలు మీద లాంబ్డా అక్షరానికి (Λ, స్పార్టా వాళ్ళ గుర్తు) సాక్ష్యం క్రీ.పూ. 5వ శతాబ్దం చివర్లోది, లియోనిడాస్ డాలు మీద అది గీయడం డౌటే.

నిద్రపట్టనోడు:

అద్భుతం. ఆఖరి ప్రశ్న, ఇవన్నీ స్వయంగా చూడాలంటే ఎక్కడికెళ్ళాలి? స్పార్టాలోనేనా?

పాతరాళ్ళపిచ్చి:

స్పార్టాకి వెళ్తే ఉసూరుమంటావు. డెండ్రా సెట్టు నాఫ్లియో మ్యూజియంలో ఉంది. తర్వాతి కాలానివైతే ఒలింపియా వెళ్ళు. యుద్ధం గెలిస్తే ఓడినవాళ్ళ సామాను జ్యూస్ దేవుడి గుడికి ముడుపు కట్టేవాళ్ళు, చోటు చాలక పాతవి తీసి స్టేడియం కట్టల్లోనూ బావుల్లోనూ పడేశారు, 1875 నుంచి జర్మన్లు తవ్వుతుంటే హెల్మెట్లు కుప్పలుగా బయటపడ్డాయి. మారథాన్ సేనాని మిల్టియాడిస్ పేరు చెక్కిన హెల్మెట్ కూడా అక్కడే ఉంది. స్పార్టా డాలే చూడాలంటే ఏథెన్స్ అగోరా మ్యూజియంకి పో. క్రీ.పూ. 425లో పైలోస్ దగ్గర స్పార్టా వాళ్ళు లొంగిపోయినప్పుడు పట్టుకొచ్చిన డాళ్ళలో ఒకటి 1936లో ఒక పాత నీటి తొట్టిలో దొరికింది, నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చేసింది. కంచు మీద చుక్కలు చుక్కలుగా పొడిచి రాశారు, ఏథెన్స్ వాళ్ళు పైలోస్‌లో స్పార్టా వాళ్ళ దగ్గర గుంజుకున్నది అని.